గోదావరి స్నానమనే నెపంతో

నంద్యాలలో ఎవరడిగినా గోదావరి స్నానానికి వెళ్ళొచ్చామనే చెప్పాను. అందులో అబద్ధం లేదు. స్నానం చేశాం, తడిబట్టలతో వణికాం, ఆ తర్వాత వేడివేడి పెసరట్టు తిన్నాం. కాని నేను మా అన్నను అంత దూరం తీసుకెళ్ళింది పుణ్యం కోసం కాదు, మతిమరుపు కోసం. ఇప్పుడా సంగతి దాచాల్సిన పని లేదు కాబట్టి వెళ్ళనివాళ్ళ కోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా అన్న పేరు నరసింహులు. వయసు డెబ్భై ఒకటి. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాడు. వదిన పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. ఒకరి మాట ఇంకొకరికి కలుపుతూ బతికినదాన్ని కదా, ఎవరి పనైనా నేనే చక్కబెట్టేస్తానని ఇంట్లో నాకో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

పోయినేడు నుంచి అన్న పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నాడు. నలభై ఏళ్ళు తిరిగిన వీధిలో నిలబడి, కుడికా ఎడమకా అని ఆలోచిస్తున్నాడు. డాక్టరుకి చూపించాం. ఇది ఇంకా జబ్బు కాదమ్మా, జబ్బు వైపు తిరిగే మలుపు అన్నాడాయన. బీపీ, షుగరు అదుపులో పెట్టండి, రోజూ నడిపించండి, చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో చూపించండి, నలుగురిలో కూర్చోబెట్టండి, కొత్త పనులు నేర్పించండి అన్నాడు. పూర్తిగా ఆపుతామని మాట ఇవ్వలేనుగాని ఇప్పుడే మొదలుపెడితే దూరం జరిపే వీలుంది అన్నాడు. మా ఊరి పార్కు హాల్లో అలాంటి క్లాసు వారానికి మూడు రోజులు జరుగుతుంది కూడా. దాన్ని నడిపేవాడు అన్న శిష్యుడే. వచ్చేవాళ్ళలోనూ సగం మంది శిష్యులే, వాళ్ళకూ అరవై దాటాయి. వచ్చిన చిక్కంతా అక్కడే.

“నా దగ్గర పాసైనోళ్ళ ముందర నేను ఫెయిల్ కావల్నా?” అన్నాడు అన్న.

తన జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదని చూపించడానికి పందొమ్మిదో ఎక్కం అప్పజెప్పాడు. ఒక్క అంకె తప్పలేదు. వంటింట్లోంచి పాలు మాడిన వాసన వస్తోంది.

అప్పుడే నాకు సుశీల గుర్తొచ్చింది. నర్సుగా నంద్యాలలో మూడేళ్ళు మా పక్కింట్లో ఉండి వెళ్ళింది. ఇప్పుడు రిటైరై, పాలకొల్లు దాటాక నరసాపురం వైపు తన సొంత ఊళ్ళో పెద్దవాళ్ళకు ‘పొద్దుటి బడి’ నడుపుతోంది. ఎవరూ ఎరగని ఊళ్ళో అయితే అన్న కూర్చుంటాడేమోనని నా ఎత్తు. గోదావరి స్నానం చేద్దాం పదన్నా అన్నాను. సరేనన్నాడు, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఎంత తేలిగ్గా నమ్మాడో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

రాజమండ్రి

మాఘమాసపు పొద్దున గోదావరి చల్లదనం గురించి చదివి తెలుసుకోవడమే మేలు, మునిగి తెలుసుకోనక్కర్లేదు. అన్న మూడు మునకలు వేసి, ఎన్ని వేశానని నన్నడిగాడు. ఐదు అని చెప్పాను. సంతోషించాడు.

ఈ జిల్లాల మర్యాద గురించి విన్నదానికంటే చూసింది ఎక్కువ. ఆటో అతను మమ్మల్నే కాదు, అడ్డొచ్చిన ఆవును కూడా “కొంచెం జరగండి” అన్నాడు. మా వైపు ప్రేమ ఉన్నా మాట కరుకుగా వస్తుంది. వీళ్ళకు కోపం వచ్చినా మాట చివర అండి ఉంటుంది. హోటల్లో పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుతో ఇద్దరం ఉగ్గాని బజ్జీ తిని టీ కూడా తాగొచ్చని అన్న లెక్కగట్టి చెప్పాడు. పొట్ట నిండిందని మాత్రం ఒప్పుకున్నాడు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి, పక్క కొట్లో రోజ్ మిల్క్ తాగుతూ దొరికిపోయాడు. షుగరు మాత్ర వేసుకున్నానా లేదా అన్నది గుర్తులేకపోయినా, అలాంటి కొట్లు ఎక్కడున్నాయో మాత్రం మనిషికి బాగా గుర్తుంటుంది.

వంతెన దాటి కొవ్వూరు

ప్యాసింజరు రైల్లో వంతెన మీద వెళ్తుంటే, అన్న కిటికీలోంచి వంతెన గళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నడుమ ఎక్కడో ఆగిపోయాడు. ఏమీ కానట్టు నీళ్ళు బాగున్నాయి అన్నాడు.

ఎదురుగా కొవ్వూరులో దిగే ఒకావిడ కూర్చుంది. నంద్యాల అనగానే, అంత దూరం నుంచి వచ్చారా అంటూ టిఫిన్ డబ్బా తెరిచేసింది. వద్దనడానికి మేం నోరు తెరిస్తే ఆ నోట్లోనే మినపసున్ని పెట్టేటంత చొరవ. షుగరండీ అన్నాను. “ఒక్కటి తింటే ఏమవదండి, మేమందరం తింటాం కదా” అంది. ఆవిడకూ షుగరేనట.

నిడదవోలు

నిడదవోలు జంక్షన్‌లో రైలు కాసేపు ఆగుతుందని అన్న నీళ్ళ సీసా పట్టుకుని దిగాడు. కాసేపు అయింది. రైలు కదిలింది. అన్న రాలేదు.

రెండు సంచులతో ఎలా దూకానో నాకే తెలియదు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాను. రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద జామకాయల బుట్ట ముందు పెట్టుకున్న ఒక పెద్దావిడకు అన్న పందొమ్మిదో ఎక్కం వినిపిస్తూ కనిపించాడు. మన రైలు ఇక్కడికే వస్తుందని నిశ్చింతగా ఉన్నాడు.

“మీ అన్నగారాండి?” అంది ఆవిడ. “పెద్దాయన ఎటెల్లాలో తెలీక, ఎక్కాలు సెప్పుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నారండి. రండి మేస్టారూ, నాకు ఎక్కాలు రావు, చెప్పండని కూచోబెట్టేసేనండి.”

ఎక్కాలు చెప్పేది మేస్టారు కాక ఇంకెవరని ఆవిడ లెక్క. ఈలోగా ఒక రైలు బేరం పోగొట్టుకుంది. నేను ఎంత చెప్పినా ఆ మాట ఎత్తనివ్వలేదు, పైగా రెండు జామకాయలు చేతిలో పెట్టింది. అన్న నా వైపు తిరిగి, ఈ రైళ్ళకు ఒక పద్ధతి లేదు, మనల్ని వదిలేసి పోయింది అన్నాడు. నవ్వేశాను. కాని నీళ్ళ సీసా ఆయన చేతిలోంచి తీసుకుని నా సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ లేకపోతే ఏమయ్యేదోనని ఇది రాస్తున్నప్పుడు కూడా భయమేస్తోంది.

తణుకు

అక్కడి నుంచి బస్సు. దారంతా చెరకు లారీలే. తణుకులో మెస్సు భోజనం చేశాం. వడ్డించేవాడు చాలు అన్న మాటను ఇంకొంచెం అని అర్థం చేసుకునే మనిషి. ఆవకాయలో బెల్లం వేస్తారని నేను విన్నానుగాని అన్నకు తెలియదు. ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది ఊరగాయా పాయసమా అన్నాడు. గుంటూరు వాళ్ళను కారంలోనూ, వీళ్ళను తీపిలోనూ ఎవరూ మించలేరుగాని, జొన్నరొట్టె విషయంలో ఈ దేశం ఇంకా వెనకబడే ఉందని మేమిద్దరం తీర్మానించుకున్నాం.

పొద్దుటి బడి, మొదటి రోజు

సుశీల ఇల్లు కాలవ పక్కనే. ఉదయం ఆరున్నరకు ఆ గట్టు మీదే నడక. పాతికమంది దాకా ఉన్నారు. కొందరు లూథరన్ చర్చికి వెళ్ళేవాళ్ళు, కొందరు గుడికి వెళ్ళేవాళ్ళు. గట్టు మీద మాత్రం అందరిదీ ఒకటే గొడవ, మోకాళ్ళు. నడిచాక చర్చి పక్క హాల్లో బీపీ చూస్తారు, ఒంటికాలి మీద నిలబెడతారు. తర్వాత ఉడకబెట్టిన తేగలు పెడతారు. మేం గేగులంటాం. ఇదివరకు ఇంటి నుంచి ఒకళ్ళు కాజాలు, ఒకళ్ళు బొబ్బట్లు తెచ్చి ఒకరికొకరు పెట్టుకునేవాళ్ళట. బడి మొదలైన రెండు నెలలకు అందరి షుగరూ పెరిగింది. పెట్టకపోతే బాగోదు, పెట్టాక తినకపోతే బాగోదు. సుశీల తీపి తెచ్చినవాళ్ళ చేత ఇంకో చుట్టు నడిపించడం మొదలుపెట్టాక తేగల దగ్గర సర్దుకున్నారు.

అసలు సంగతి తర్వాతి గంటలో ఉంది. అక్కడ ప్రతివాళ్ళూ తమకు రాని పనే నేర్చుకోవాలి. వచ్చిన పని ఇంకొకరికి నేర్పాలి. కోనసీమ నుంచి వచ్చి స్థిరపడిన సోమయాజులు గారనే పురోహితుడున్నారు. డెబ్భై ఆరేళ్ళు. ఎన్ని గంటలైనా పుస్తకం చూడకుండా మంత్రాలు చెప్పగలరు. పొద్దున మాత్ర వేసుకున్నదీ లేనిదీ మాత్రం చెప్పలేరు. ఆయనకు లేసు అల్లడం నేర్పేది మార్తమ్మ గారు. ఈ ప్రాంతం లేసు అల్లికలకు పెట్టింది పేరు. ఎనిమిదో ఏట కొక్కెం సూది పట్టిన మార్తమ్మ గారికి ఇప్పుడు అరవై ఎనిమిది. పగలు పొలం పనికి వెళ్ళి, సాయంత్రాలు లేసు అల్లి పిల్లల్ని చదివించుకుంది. చూడకుండా అల్లగలదు కాబట్టి లేసు ఆవిడ చదువు కాదట. ఆవిడ సోమయాజులు గారి దగ్గర చదరంగం నేర్చుకుంటోంది. నేనున్న రోజే ఆయన మంత్రిని తీసేసి, “ఏమనుకోకండి పంతులుగారూ” అంది.

“తెలిసింది చెప్పడం కచేరీ అండి, తెలియంది నేర్చుకోవడం బడి” అని సుశీల అన్నకు చెప్పింది.

అన్న వినలేదు. ఆ రోజు ఆయనది కచేరీయే. లెక్కల మాస్టారని తెలిసి అందరూ చుట్టూ చేరారు. మా వైపు సార్ అంటారు, ఇక్కడ మాస్టారూ అంటారు. ఆ పిలుపు చెవిన పడగానే అన్న నిటారుగా కూర్చున్నాడు. గంటసేపు చెప్పాడు. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు ఊరు వచ్చిన పని అయిపోయిందనిపించింది.

రెండో రోజు

రెండో రోజు సుశీల ఆయన చేతికి కొక్కెం సూది ఇచ్చింది. ఆడవాళ్ళ పని అంటాడేమోనని చూశాను. పక్కన సోమయాజులు గారు అంగవస్త్రం సర్దుకుని అల్లుతుంటే ఆ మాట అనడానికి అన్నకు మొహం చెల్లలేదు.

పువ్వుకు ఆరు రేకులు, రేకుకు పదకొండు కుట్లు అని మార్తమ్మ గారు చెప్పీ చెప్పకముందే, అరవై ఆరు అన్నాడు అన్న. సరే, అల్లడం మొదలుపెట్టాడు. ఏడో కుట్టు దగ్గర లెక్క తప్పింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర తప్పింది. దారం బాగాలేదన్నాడు. వెలుతురు లేదన్నాడు. గుణకారం యాభై ఏళ్ళ కిందట గట్టిపడిన బాట, కళ్ళు మూసుకుని నడిచేయొచ్చు. చేయి కదుపుతూ లెక్క గుర్తుంచుకోవడం కొత్త దారి. గంట అయ్యేసరికి రెండు రేకులు, అవీ వంకరగా. మధ్యాహ్నం అన్నం తినలేదు. రేపు రాత్రి రైలు కదా, పొద్దున ఆ హాలుకు నేను రాను, నువ్వు పోయి చెప్పిరా అన్నాడు.

అప్పుడు నా బుద్ధి నా దారినే పోయింది. సాయంత్రం ఆ అల్లికా దారం ఉండా పట్టుకుని మార్తమ్మ గారింటికి వెళ్ళాను. ఇది మీరే పూర్తి చేసి పెట్టండి, ఆయన చేసినట్టే ఉండాలి, ఒక్క పువ్వు అయిందంటే ఆయనకు ధైర్యం వస్తుంది, మా ఊళ్ళో క్లాసుకు వెళ్తాడు, లేకపోతే ఇక ఎక్కడికీ రాడు అని బతిమాలాను. ఆవిడ ముఖంలో ఇబ్బంది కనిపించింది. బడి పద్ధతి అది కాదని ఆవిడకు తెలుసు. కాని ఇంటికి వచ్చిన మనిషిని కాదనడం ఆ నేలలో లేదు.

“ఆయ్, అలాగేనండి” అంది.

మూడో రోజు

ఏదో చెప్పి అన్నను హాలుకు తీసుకెళ్ళాను. బల్ల మీద ఆరు రేకుల పువ్వు తెల్లగా విచ్చుకుని ఉంది. చివరి ముడి మాస్టారి చేతే వేయిద్దామని మార్తమ్మ గారు దారం తెంపకుండా ఉంచింది. ఎంత బాగా వచ్చిందండీ మాస్టారూ అని సోమయాజులు గారు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. వాళ్ళకు అసలు సంగతి తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినా అలాగే అనేవాళ్ళు.

అన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. పువ్వును వేళ్ళ మధ్య తిప్పి ఒక్కో రేకూ వేలితో తడిమి చూశాడు. పరీక్ష హాల్లో పేపరు తీసుకున్నప్పటి చూపు అది, నాకు బాగా తెలుసు.

“నా రెండు రేకుల్లో తప్పులుండె. ఆ తప్పులు యాడికి పోయినాయి?” అన్నాడు.

మార్తమ్మ గారు తల దించుకుంది. నా పేరు బయటపెట్టలేదు.

“తప్పు నాదేనండి మేస్టారూ” అంది. “మా ఊరొచ్చిన మనిషి చిన్నబుచ్చుకుని ఎల్తే మాకు బాగోదండి.”

ఇక నేను నోరు మూసుకుని ఉండలేకపోయాను. నేనే చెప్పినా అన్నా, ఆయమ్మ తప్పేం లేదు అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అరవై నాలుగేళ్ళ వయసులో, పాతికమంది ముందు, కాపీ చీటీ అందించి దొరికిపోయినట్టయింది.

అన్న చివరి కుట్టులో ఉన్న దారం పట్టుకుని లాగాడు. అది లేసు కదా, ఒక్కసారి లాగితే ఆగదు. ఆరో రేకు పోయింది, ఐదోది పోయింది. మొత్తం పువ్వు చూస్తుండగానే ఒళ్ళో ముడతల దారమై పడింది. సోమయాజులు గారు అయ్యయ్యో అని ఆపబోయి ఊరుకున్నారు.

“ముప్పై నాలుగేళ్ళు కాపీ కొట్టినోళ్ళను బయటికి పంపినా తల్లీ” అన్నాడు మార్తమ్మ గారితో. గొంతులో కోపం లేదు. “నాకు లెక్క తప్పుతా ఉంది. పాలు పెట్టి మర్సిపోతా ఉండా. మొన్న స్టేషన్లో ఏ రైలు దిగినానో తెలీలేదు. మా లక్ష్మి గోదారి స్నానమని జెప్పె. నేను నమ్మినట్టు ఉండినా. ఎందుకొచ్చినానో నాకూ తెలుసు. మళ్ళీ మొదటి నుంచి చెప్పు. పదిసార్లు అడుగుతా, ఇసుక్కోవద్దు.”

నేను ఏడ్చాను. దాచుకోవడానికి పక్కకు కూడా వెళ్ళలేదు. నా ఎత్తంతా ఆయనకు ఇల్లు దాటకముందే తెలుసు. తెలిసి కూడా నా వెంట వచ్చాడు. ఏడాదిగా ఆ భయాన్ని ఒక్కడే మోశాడు, పక్క గదిలో ఉండి నేనది చూడలేదు.

మార్తమ్మ గారు కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చుంది. ఈసారి ఆవిడ మర్యాద చేయలేదు. తప్పినప్పుడల్లా, “తప్పిందండి, విప్పండి” అని చెప్పింది. ఆయన విప్పాడు. పదకొండుసార్లో పన్నెండుసార్లో నాకు లెక్క లేదు.

తిరుగు ప్రయాణం

ఆ రాత్రి రైలు ఎక్కలేదు. ఇంకో నాలుగు రోజులున్నాం. అన్న పువ్వు ఒకటి పూర్తి చేశాడు. అందులో ఒక రేకుకు పన్నెండు కుట్లు. అది తనకు తెలుసునని, వచ్చేసారి చూసుకుంటానని సుశీలతో చెప్పాడు. పువ్వు కాదు, కూర్చోవడం ముఖ్యం అంది సుశీల. ఇది మందు కాదని, మానేస్తే వెనక్కి వెళ్తుందని, బీపీ మాత్రలు మరిచిపోవద్దని చీటీ రాసి మరీ ఇచ్చింది. ఇంటికి వచ్చాక అన్న మారిపోయాడని నేను చెప్పను. మొన్న కూడా పాలు మాడ్చాడు. కాకపోతే ఇప్పుడు పొయ్యి మీద నెపం పెట్టకుండా, మర్సిపోయినానమ్మా అంటున్నాడు.

ఊరు వచ్చాక మొదటి సోమవారం పొద్దున పంచె మార్చుకుని, పార్కు దాకా పోయొస్తా అన్నాడు. వెంట వస్తానన్నాను. గేటు దగ్గరే ఉండమన్నాడు. హాలు తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు అంతా కనిపించింది, వినిపించింది కూడా. అన్నను చూడగానే ఆ శిష్యుడు లేచి నిలబడ్డాడు. లోపల కూర్చున్న తలనెరిసిన వాళ్ళందరూ ఒక్కొక్కరే లేచారు.

“సార్, మాకు చెప్పనీకి వచ్చినారా?” అన్నాడు శిష్యుడు, కుర్చీ ముందుకు లాగుతూ.

“కాదప్పా, నేర్చుకోనీకి” అన్నాడు అన్న. “కూర్చోండి అందరూ. ఎనక బెంచీలో చోటుందా?”